ఒక ఇంటి నంబరు, రెండు పేర్లు

నా ఉద్యోగం ఏమిటని అడిగినవాళ్ళకు మొదట్లో ఓపికగానే చెప్పేదాన్ని. ఈ ఊళ్ళో ఎవరెవరికి కేన్సర్ వస్తోంది, ఏ కేన్సర్ వస్తోంది, వచ్చినవాళ్ళలో ఎవరు బతికి ఉన్నారు అన్నది రాసిపెట్టే ఆఫీసు ఒకటి ఉంటుందనీ, దాన్ని కేన్సర్ రిజిస్ట్రీ అంటారనీ, అందులో నేను తిరిగి వివరాలు తెచ్చే మనిషిననీ చెప్పేదాన్ని. మందులిస్తారా అని అడిగేవాళ్ళు. ఇవ్వం. డబ్బు ఇప్పిస్తారా? ఇప్పించం. మరెందుకమ్మా అనేవాళ్ళు. అక్కడ నాకు కోపం వచ్చేది. ఎక్కడ ఎంత జబ్బు ఉందో తెలియకుండా ఆసుపత్రి ఎక్కడ కడతారు, మిషను ఎక్కడ పెడతారు అని వాదనకు దిగేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఆసుపత్రిలో గుమాస్తానని చెప్పి ఊరుకుంటున్నాను.

డబ్బున్న దేశాల్లో ఈ పని చాలా వరకు కంప్యూటరే చేస్తుందట. అక్కడ మనిషికి ఒక నంబరు ఉంటుంది, ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఆ నంబరు వెంట వెళ్తుంది. మా దగ్గర ఆ కంప్యూటరును నేనే. సోమవారం ఒక ఆసుపత్రి రికార్డు రూము, మంగళవారం రెండు ల్యాబులు, ఆ తర్వాత మునిసిపల్ ఆఫీసులో చావుల రిజిస్టరు. అడ్రసు రాసే చోట ‘మసీదు వెనక’ అని ఉంటుంది. పాతబస్తీలో మసీదు వెనక కాని ఇల్లు ఏదో ఆ రాసినవాడే చెప్పాలి. చావుకు కారణం దగ్గర ‘గుండె ఆగిపోవడం’ అని ఉంటుంది. గుండె ఆగకుండా పోయినవాళ్ళు ఎవరున్నారని ఒకసారి రిజిస్టరు రాసే ఆయన్ని అడిగాను. మేడం, మీకు మస్తు కోపం అన్నాడు. అది నిజమే.

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకుండా చూడడం. రోగి ఒక ల్యాబులో సూది పరీక్ష చేయించుకుంటుంది, ఇంకో ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంటుంది, మూడో చోట కరెంటు పెట్టించుకుంటుంది. కరెంటు అంటే రేడియేషన్, మా రోగులందరూ అట్లాగే అంటారు. మూడు చోట్లా పేరు మూడు రకాలుగా ఉంటుంది. ఆ మూడు కాగితాలూ ఒకే మనిషివని పట్టుకోవడం నా పని. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు ఆఫీసులో లేరని నాకు గట్టి నమ్మకం ఉండేది.

దానికి కారణం మా అమ్మ. మాది మొఘల్‌పురా. మా నాన్న అక్కడే ఒక చిన్న గుడిలో అర్చకుడు. మా అమ్మకు పెళ్ళి కుదిరేసరికి అత్తగారి పేరూ ఆమె పేరూ ఒకటే అయింది. కొడుకు తల్లి పేరు పెట్టి పెళ్ళాన్ని ఎట్లా పిలుస్తాడు? పెళ్ళి పీటల మీదే అమ్మకు కొత్త పేరు పెట్టారు. స్కూలు కాగితంలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు. ఆమె పోయినప్పుడు ఆ ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికి నేను నోటరీ దగ్గరికీ, ఆఫీసులకూ నెలల తరబడి తిరిగాను. పోయిన తల్లి కోసం ఏడవాల్సిన రోజుల్లో స్టాంపు కాగితాలు పట్టుకుని క్యూలో నిలబడ్డానన్న కోపం నాలో ఇంకా చల్లారలేదు. అందుకే కాగితాల మీద రెండు పేర్లున్న ఆడవాళ్ళు నాకు ఇట్టే కనిపిస్తారు. పెళ్ళిలో పేరు మార్చే అలవాటు తెలియని కుర్ర డాక్టర్లు వాళ్ళను ఇద్దరిగా రాస్తారు. నేను ఒక్కరిగా కలుపుతాను. కలిపిన ప్రతిసారీ మా అమ్మ పని ఒకటి చేసిపెట్టినట్టు ఉండేది.

ఇక జరిగింది చెబుతాను. ఇల్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

యాకుత్‌పురా వైపు ఒక ఇంటి నంబరు మీద రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది పెద్దాసుపత్రి ఫైలు. రొమ్ము కేన్సర్, బాగా ముదిరింది, వయసు నలభై రెండు. పైన భర్త పేరు, లోపల పాత గుర్తింపు కార్డు జిరాక్సులో తండ్రి పేరు. రెండోది కొన్ని నెలల తర్వాత ఒక ల్యాబు నుంచి వచ్చిన చీటీ. అదీ రొమ్ము కేన్సరే, వయసు నలభై, తండ్రి పేరు అదే, ఇంటి నంబరు అదే. పేరు మాత్రం వేరు. ఏ వైపు రొమ్మో చీటీలో రాయలేదు, అది రాసే అలవాటు ఆ ల్యాబుకు లేదు. మా ఆడవాళ్ళ వయసుల్లో రెండేళ్ళ తేడాను ఎవరు తేడా అంటారు? ఇది పుట్టింటి పేరు, అది అత్తింటి పేరు అనుకున్నాను. రెండు కాగితాలూ కలిపి ఒకే నంబరు వేశాను. తర్వాత చావుల రిజిస్టరులో మొదటి పేరు దొరికింది. తేదీ వేసి, మరణించారు అని రాసి, ఆ నంబరు మూసేశాను. పక్కన కూర్చునే అమ్మాయికి చూపించి, చూడు, ఇట్లా పట్టుకోవాలి అని పాఠం కూడా చెప్పాను.

నాలుగైదు నెలల తర్వాత ఆ అమ్మాయే కరెంటు పెట్టే విభాగం నుంచి వచ్చిన జాబితా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ముఖంలో నవ్వు దాచుకోవడానికి కష్టపడుతోంది. "మేడం, మీరు మూసేసిన పేషెంటు మూడు వారాల నుంచి రోజూ కరెంటుకు వస్తుంది" అన్నది. జాబితాలో ఆ రెండో పేరు ఉంది. తండ్రి పేరు, ఇంటి నంబరు, అన్నీ అవే.

మా ఆఫీసుకు పెద్ద ఒక డాక్టరమ్మ. గొంతు పెంచి మాట్లాడడం ఆమెకు తెలియదు, అదే భయం. ఇద్దరు మనుషులేమో, రేపు పొద్దున ఆ విభాగానికి వెళ్ళి ఫైలు చూడు అన్నది. ఇద్దరు కారు మేడం, నాకు తెలుసు, పోయినామె పాత కార్డు మీద ఇంకెవరో వస్తున్నారు అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఫైలు చూశాక మాట్లాడదాం అని ఆమె లేచి వెళ్ళిపోయింది.

రోగి ఆసుపత్రికి వస్తున్నప్పుడు ఇంటికి వెళ్ళకూడదన్నది మా రూలు. ఇంటికి వెళ్ళినా జబ్బు పేరు ఎత్తకూడదు. ఆ ఇంట్లో ఎవరికి ఎంత తెలుసో మనకు తెలియదు. ఈ రెండు రూల్సూ కొత్తగా చేరినవాళ్ళకు నేర్పేది నేనే. ఆ సాయంత్రం ఆటో యాకుత్‌పురా స్టేషన్ దగ్గరికి వచ్చేసరికి, రేపటిదాకా ఆగడం ఎందుకనిపించింది. నాదే రైటని తేల్చుకుంటే తప్ప నాకు అన్నం సహించేట్టు లేదు. దిగిపోయాను.

అది పాలు అమ్ముకునే ఇల్లు. బర్రెలను ఎప్పుడో ఊరి బయటికి తరలించారట. ఇప్పుడు పాలు డబ్బాల్లో ఆటో మీద వస్తాయి. ముందు గదిలో డెబ్బై ఏళ్ళ పెద్దావిడ పీట మీద కూర్చుని డబ్బాలో నుంచి కొలిచి పోస్తోంది. గిన్నెలు, చెంబులు పట్టుకుని ఆరేడుగురు నిలబడి ఉన్నారు. నేను మెడలోని ఐడీ కార్డు బ్యాగులో వేసుకుని, ఆరోగ్యం సర్వే అమ్మా అన్నాను. అంతవరకు బాగానే చేశాను. ఆ తర్వాత మొదటి పేరు చెప్పి, ఆమెకే ఈ పేరు కూడా ఉండేది కదా అని రెండో పేరు చెప్పాను.

పెద్దావిడ చేతిలోని కొలత గిన్నె పైనే ఆగిపోయింది.

"ఒక్కదానికి రెండు పేర్లేంది బిడ్డా. ఇద్దరు. అక్కచెల్లెండ్లను తెచ్చి నా ఇద్దరు కొడుకులకు చేసుకున్న. పెద్దది పోయింది. చిన్నది లోపట ఉన్నది" అన్నది. తర్వాత నన్ను కింది నుంచి పై దాకా చూసి, "చిన్నదాని పేరు నీకెట్ల ఎరుక? దానికేమైంది?" అని అడిగింది.

గిన్నెలు పట్టుకున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. ఆ క్షణంలో నాకు రెండు విషయాలు తెలిశాయి. నేను ఇద్దరిని ఒకరిగా రాశాను. రెండోది దానికన్నా ఘోరం. చిన్న కోడలికి జబ్బు ఉందన్న సంగతి ఈ ఇంట్లో తెలియదు, నేను గల్లీ అంతా వినేట్టు చెప్పబోతున్నాను. ఇరవై ఏళ్ళ నుంచి ఇళ్ళకు తిరుగుతున్నదాన్ని, ఒక్క అబద్ధం దొరకలేదు.

లోపలి నుంచి ఒక సన్నటి మనిషి తల మీద కొంగు సర్దుకుంటూ వచ్చింది. నన్ను చూసింది, నా బ్యాగు చూసింది. "దవాఖానల అక్కతోని ఉన్నది నేనే గదా అత్తా. నా పేరే రాసుకున్నరు" అన్నది. గొంతు ఎక్కడా తొణకలేదు. పెద్దావిడ కాసేపు ఇద్దరినీ చూసి మళ్ళీ పాలు పోయడం మొదలుపెట్టింది. అక్క కాగితాల జిరాక్సు మూల మీద దుకాణంలో తీయించి ఇస్తానని చెప్పి ఆమె నాతో పాటు బయటికి వచ్చింది.

జిరాక్సు దుకాణం దాటి, కుట్టుమిషన్లు బాగు చేసే కొట్టు పక్కన ఆగాం. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టాలని కూడా కోరుకున్నాను. తిట్టలేదు. అడగకుండానే అంతా చెప్పింది. అక్క మంచాన పడినప్పుడు ఒళ్ళు తుడిచింది, తల దువ్వింది ఈమే. ఆ రోజుల్లోనే తన ఒంట్లోనూ గడ్డ చేతికి తగిలింది. భర్తకు మాత్రం చెప్పి సూది పరీక్ష చేయించుకుంది. అదే అని తెలిశాక కూడా అక్క పోయేదాకా, కర్మలు అయ్యేదాకా ఆగింది. తర్వాత, తల్లికి కాలు విరిగిందని చెప్పి నెల రోజులు పుట్టింట్లో ఉండి ఒక చిన్న నర్సింగ్ హోములో ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడు తల్లిని చూసుకోవడానికని చెప్పి రోజూ మధ్యాహ్నం కరెంటుకు వెళ్ళి వస్తోంది. ఒంటి మీద చర్మం కమిలిపోయిందని, అత్త చూడకుండా రోజూ తెల్లవారకముందే స్నానం చేస్తున్నానని చెప్పింది.

ఎందుకు దాచావు అని అడిగాను. నా గొంతులో మెత్తదనం లేదు, నాకు తెలుసు. తప్పు నాదైనప్పుడే నా గొంతు ఇంకా గట్టిగా వస్తుంది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతది మేడం. అక్క బిడ్డకు ఇరవై ఏండ్లు. నాకు గూడ వచ్చిందని తెలిస్తే వాళ్ళ నెత్తురులనే ఉన్నది అంటరు. ఆ పిల్లను ఎవడు చేసుకుంటడు? అత్తకు పెద్దకోడలు పోయిన ఫికరే ఇంక పోలె."

నేను చేసిన పొరపాటు ఆమెకు చెప్పాను. మా దగ్గర మీ ఇద్దరూ ఒకటే మనిషిగా ఉన్నారు, ఆ మనిషి చనిపోయినట్టు ఉంది, రేపు పోయి సరిచేస్తాను అన్నాను. క్షమించమని కూడా అన్నాను. ఆమె ముఖం ఒక్కసారిగా తేటపడింది. ఆ తేటదనాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు.

"సరిచెయ్యకున్రి. గట్లనే ఉంచున్రి మేడం. పోయినట్టే ఉంటే ఇంటికి ఎవ్వరు రారు గదా."

నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను. నువ్వు లేనట్టు రాస్తే ఆ పిల్ల సంగతి ఏమిటి అన్నాను. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఈ వయసులో వచ్చిందంటే ఆ ఇంటి ఆడపిల్లను డాక్టరుకు చూపించాలి, తల్లి ఒక్కతికే వచ్చిందనుకుంటే ఎవరూ అంత పట్టించుకోరు, నువ్వు దాచింది నీ జబ్బు ఒక్కటే కాదు అన్నాను. ఇది నేను చెప్పకూడని మాట. మా పని రాసుకోవడం వరకే, సలహాలు డాక్టర్లవి. ఆమె కుట్టుమిషను కొట్టు వైపు తిరిగింది.

"నాకు ఎరుకనే. ఆ పిల్ల నా పక్కలనే పండుతది. గదే నన్ను నిద్ర పోనియ్యది" అన్నది.

విడిపోయే ముందు ఫోను నంబరు ఇచ్చింది. పదకొండు నుంచి పన్నెండు లోపలే చేయమన్నది, ఆ టైములో ఇంట్లో ఎవరూ ఉండరట.

మరునాడు డాక్టరమ్మకు మొత్తం చెప్పాను. రూలు తప్పిన సంగతి, పాల గిన్నెల ముందు పేరు చెప్పిన సంగతి, ఏదీ మినహాయించలేదు. ఆమె విని, ఇంటికెందుకు వెళ్ళావు అని ఒక్క మాట అడిగింది. నేనే రైటని చూపించుకోవడానికి అని ఎట్లా చెప్పను? ఆమె రెండు పేర్లని నేను కలిపినవన్నీ మొదటి నుంచి తీసి మళ్ళీ చూడమన్నది. మూడు వారాలు పట్టింది. ఇంకొన్ని తప్పులు దొరికాయి, ఎన్నో ఇక్కడ చెప్పను. ఒక ఇంట్లో తల్లినీ కూతురినీ కలిపేశాను. మా అమ్మ కోసం చేస్తున్నాననుకున్న పనిలో నేను ఎవరెవరి అమ్మలను మాయం చేశానో లెక్కపెట్టుకుంటూ కూర్చున్న రోజులవి. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయేది.

యాకుత్‌పురా నంబరును రెండు చేశాను. అక్కకు పాత నంబరు ఉంచి, చెల్లెలికి కొత్త నంబరు ఇచ్చాను. కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అన్న చోట ఇద్దరికీ ‘ఉంది’ అని రాశాను. చెల్లెలి ప్రస్తుత స్థితి దగ్గర ‘జీవించి ఉన్నారు’ అని రాశాను. ఆమె వద్దన్న పనే చేశాను. మా కాగితాలు ఎవరి ఇంటికీ వెళ్ళవనీ, ఎవరికీ చూపించమనీ ఫోను చేసి చెప్పాను. సరే మేడం అన్నది, అంతే.

డాక్టరమ్మ కరెంటు విభాగంలోని డాక్టరుతో మాట్లాడింది. ఆయన చిన్న కోడలిని కూర్చోబెట్టి, అక్క కూతురిని తీసుకురమ్మని చెప్పాడట. విని తల ఊపిందట. కరెంటు పెట్టడం అయిపోయింది. అమ్మాయి రాలేదు. ఒకసారి రికార్డు రూములో పని ఉండి వెళ్ళినప్పుడు చెకప్ లైనులో ఆమె కనిపించింది, ఒక్కతే వచ్చింది. నన్ను చూసి నవ్వింది. నేనే తల తిప్పుకున్నాను. నా వల్ల ఏమీ కాలేదన్న బాధ ఆమె మీద కోపంగా తిరిగింది. మందులిస్తారా, డబ్బులిస్తారా, మరెందుకు అని జనం అడిగిన ప్రశ్న ఆ రోజుల్లో నాకు నేనే వేసుకున్నాను.

రోగి బతికి ఉన్నదా లేదా అని ఏడాదికి ఒకసారి మేం కనుక్కోవాలి. ఆ ఏడాది ఆమె వంతు వచ్చినప్పుడు సరిగ్గా పదకొండున్నరకు ఫోను చేశాను. ఎత్తినది పెద్దావిడ.

ఆ గొంతు వినగానే కట్ చేయబోయాను. చేసి ఉంటే మళ్ళీ అనుమానం మొదలయ్యేది. నా పేరు చెప్పకుండా, చిన్నకోడలు ఉందా అమ్మా, కొంచెం పని ఉండి చేశాను అని తడబడుతూ అన్నాను. అటు నుంచి పాల డబ్బా మూత పెట్టిన చప్పుడు వచ్చింది.

"నువ్వు ఆ దవాఖాన బిడ్డవేనా? దాని గురించి రాసుకుంటవట గదా. నాకు చెప్పింది. చెప్పిననాడు మస్తు లొల్లి అయింది ఇంట్ల. నేనే ఏడ్చిన, నేనే తిట్టిన. నాకెందుకు చెప్పలేదని తిట్టిన." ఊపిరి తీసుకుంది. "చిన్నది బతికే ఉన్నది. మంచిగ రాయి. నా మనుమరాలిని డాక్టరుకు చూపియ్యనీకి పొద్దుగాలనే తోలుకపోయింది. నేనే పొమ్మన్న."

సరే అమ్మా అన్నాను కాబోలు. ఆమె ఫోను పెట్టేసింది.

ఫారం ముందుకు తీసుకున్నాను. తేదీ వేశాను. జీవించి ఉన్నారు అన్న గడిలో టిక్కు పెట్టాను. దాని కింద, ఈ సమాచారం చెప్పినవారు ఎవరు, రోగికి ఏమవుతారు అని ఇంకో గడి ఉంటుంది. అందులో ‘అత్త’ అని రాశాను.